ఎడమ స్పీకరు కింద గంట

మా ఆయన ఫనోర్ ఏనాడూ నాతో డాన్సు చేయలేదు. ఈ మాట మా కాలీ నగరంలో ఎవరితో అన్నా ముందు నవ్వుతారు, తర్వాత నా ముఖం చూసి జాలిపడతారు. ఇక్కడ పిల్లలకు నడక కంటే ముందు అడుగులు వస్తాయి. చర్చిలో ఫాదర్ గారు కూడా పాట వినపడితే మడమ ఆడించకుండా ఉండలేరు. అలాంటి ఊళ్ళో, ఒబ్రేరో పేటలోని ఎల్ కొకూయో హాలుకు ఆదివారం మధ్యాహ్నం డాన్సులకు వచ్చేవాళ్ళందరికీ ఎర్సీలియా అంటే ఎవరో తెలుసు. నాతో ఒక్క పాట ఆడాలని కుర్రాళ్ళు వరస కట్టిన రోజులున్నాయి. ఇప్పుడు ముసలాళ్ళు కడుతున్నారు. మనవలు పుట్టుకొచ్చాక కూడా ఆ వరసలో నా మొగుడు మాత్రం లేడు.

ఆయన ఎక్కడుంటాడంటే, ఎడమ స్పీకరు కింద. స్టూలు మీద కూర్చుని, మోకాళ్ళ మధ్య నాలుక లేని ఇనుప గంట బిగించి, చేతిలో జామకర్ర పట్టుకుని, కళ్ళు మూసుకుని. పరాయి ఊరివాళ్ళయితే, రికార్డు దానంతటది పాడుతుంటే ఈయన పక్కన కూర్చుని ఏం వాయిస్తున్నాడని అడుగుతారు. మా దగ్గర అలా అడగరు. రికార్డు పెట్టారంటే ఊరికే వినడానికి కాదు. గంట ఉన్నవాడు గంట తెచ్చుకుంటాడు, గిలక్కాయలున్నవాడు గిలక్కాయలు తెచ్చుకుంటాడు, ఏమీ లేనివాడు సీసా మీద చెంచాతో కొడతాడు. ఒకటే నియమం. రికార్డు మీద పడకూడదు, దాని లోపలికి దూరాలి. చాలామంది మీద పడతారు. ఫనోర్ లోపలికి దూరేవాడు. ఎంత లోపలికంటే, అక్కడ ఒక మనిషి కూర్చున్నాడన్న సంగతే మేం మర్చిపోయేవాళ్ళం.

ఆ గంట కొన్నది కాదు. చెరకు ఫ్యాక్టరీలో ఆయన ట్రాక్టరు నడిపే రోజుల్లో, షెడ్డులో వెల్డింగు చేసే స్నేహితుడు పాత నాగలి రేకు ముక్కలు అతికి ఇచ్చాడు. మొదట్లో నూనె డబ్బాలా మోగేది. ఈయన కొట్టి కొట్టి దానికి గొంతు తెప్పించాడు.

మా పెళ్ళిలోనూ అంతే. మొదటి పాట పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కలిసి ఆడాలి. పాట మొదలయ్యేసరికి పెళ్ళికొడుకు కనపడడు. వెతికితే స్పీకరు కింద ఉన్నాడు. మా చిన్నాన్న జాలిపడి నన్ను తిప్పాడు. ఇదేం పని అని తర్వాత నిలదీస్తే, “ఆ పాటకి గంట లేకపోతే నువ్వెలా ఆడతావే?” అన్నాడు. అలాంటి మనిషితో ఇంకేం మాట్లాడతాం?

పైగా ఆ కళ్ళు మూసుకోవడమొకటి. నేను ఆడుతుంటే చూడని మగాడు మా పేటలో ఎవడైనా ఉన్నాడంటే వాడు నా మొగుడే. డాన్సు బడుల ఆడపిల్లలకు మెరుపుల గౌనులు కుట్టి కుట్టి నా కళ్ళు మసకబారాయి. చాలా కోరికలు తీరాయి, కొన్ని నేనే వదిలేశాను. మిగిలింది ఒక్కటే. చచ్చేలోగా ఒక్క పాటకు ఈ మనిషి నా నడుం పట్టుకుని, కళ్ళు తెరిచి, నాతో ఆడాలి.

ఎల్ కొకూయోలో ఆదివారం ముగింపు పాట ఎప్పుడూ ఒకటే. లేబులు పసుపు రంగు కాబట్టి దాన్ని పసుపుది అంటాం. న్యూయార్కులో ఎప్పుడో నాలుగు పాటలు చేసి విడిపోయిన ఒక బృందం చేసింది. వాళ్ళు దాన్ని నిదానంగా తిప్పమని చేశారట. మావాళ్ళు మొదటి రోజే మీట జరిపి వేగంగా తిప్పారు. అప్పటినుంచి అదే దాని వేగం. చేసినవాళ్ళే వచ్చి కాదన్నా మేం వినం. ఊళ్ళో అలాంటి రికార్డులు రెండే ఉన్నాయి. ఒకటి హాలుది. రెండోది రికార్డులు వేసే అలీరియో ఇంట్లో, సీలు కూడా తీయకుండా, మేరీమాత పటం వెనక ఉంటుంది. అలీరియో వారమంతా టాక్సీ నడుపుతాడు. ఆదివారం మాత్రం రికార్డుల బల్ల వెనక బిషప్పులా నిలబడి మాకు పాఠాలు చెబుతాడు.

పసుపుది ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు, అయినా ప్రయత్నిస్తాను. ముందు ట్రంపెట్లు తోసుకుంటూ వస్తాయి. తర్వాత గాయకుడు పిలుస్తాడు, వెనకున్నవాళ్ళు జవాబిస్తారు. డోళ్ళు ఉడుకుతుంటాయి. ఆపైన అందరూ ఒక్కసారిగా నోరు మూసుకుంటారు. పియానో ఒక్కటే మిగిలి, ఒకే ముక్కను పట్టుకుని మళ్ళీ మళ్ళీ తిప్పుతూ ఉంటుంది. హాలంతా ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. అప్పుడు గంట వస్తుంది. రావలసిన చోటికి కాదు, దానికి రవ్వంత ముందే వస్తుంది. ఆ దెబ్బకు హాలులో ఎంతమంది ఉంటే అంతమందీ ఒక్క మనిషిలా గిర్రున తిరుగుతారు. వెన్ను జలదరిస్తుంది. ఎన్ని ఆదివారాలు తిరిగానో నాకే తెలియదు గానీ, ఆ జలదరింపు ఒక్కసారి కూడా తప్పలేదు. దేవుడున్నాడా అని నాతో వాదించినవాళ్ళను ఆదివారం సాయంత్రం ఎల్ కొకూయోకు రమ్మనేదాన్ని.

“విన్నారా! విన్నారా ఆ గంట!” అని అలీరియో ప్రతివారం అప్పుడే మొదటిసారి విన్నట్టు గుండె బాదుకునేవాడు. “అది వాయించినవాడు కనపడితే వాడి మణికట్టుకి ముద్దు పెడతాన్రా నేను! అట్ట మీద వాడి పేరైనా వెయ్యలేదు, దొంగ సచ్చినోళ్ళు.”

పక్కనే స్టూలు మీద ఫనోర్ చెమట తుడుచుకుంటూ తలూపేవాడు. “నిజంరా. నేనిన్నేళ్ళ నుంచి వెంటపడుతున్నా వాడు నాకు అందట్లేదు.”

ఫనోర్ ఏ ఆదివారమూ హాలు మానలేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు మాత్రం మానాడు. ఆ రోజు పేటంతా శవపేటిక వెంటే నడిచింది కాబట్టి హాలు తలుపులే తీయలేదు.

హాలు పెట్టిన లిబార్దో పోయాక అది ఆయన కూతురు యామిలెత్ చేతికి వచ్చింది. మంచి పిల్ల. వర్షానికి కారే కప్పు బాగుచేయించింది, ఆడవాళ్ళ బాత్రూముకు గడియ పెట్టించింది. ఆ తర్వాత బీరువాలంత కొత్త స్పీకర్లు తెప్పించింది. పక్కన ఇనుము మోగుతుంటే ఇంత మంచి శబ్దం పాడైపోతుందని, వాటిని బిగించిన ఇంజనీరు చెప్పాడట. ఒకరోజు పొద్దున్నే వేడివేడి చీజు బన్నుల పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పొట్లం చూడగానే ఏదో చేదు మాట తెచ్చిందని నాకు అర్థమైంది.

“బాబాయ్, తప్పుగా అనుకోకు,” అంది. “హాల్లో ఇక గంటలూ గిలక్కాయలూ వద్దనుకుంటున్నా. నీ ఒక్కడికే కాదు, అందరికీ చెప్తున్నా. కొత్త స్పీకర్లలో గాయకుడు ఊపిరి పీల్చినా వినపడుతోంది. రికార్డులో అన్నీ ఉన్నాయి కదా బాబాయ్.”

ఫనోర్ బన్ను తుంచి, తినకుండా చేతిలోనే ఉంచుకున్నాడు. “నిజమేనమ్మా. రికార్డులో అన్నీ ఉన్నాయి.”

“కోపం వచ్చిందా?”

“కోపమెందుకే పిచ్చిపిల్లా? నేను దాని కొంగు పట్టుకు తిరిగినోణ్ణి. పోనీలే పాపమని మీ నాన్న ఇన్నాళ్ళు కూర్చోనిచ్చాడు, అంతే.”

ఇంకొకప్పుడైతే ఆ పిల్లకు నాలుగు వడ్డించి పంపేదాన్ని. నోరు తెరిచాను కూడా. అప్పుడు తట్టింది, గంట లేకపోతే ఈయన చేతులు ఖాళీ అని. నోరు మూసుకుని ఆ పిల్లకు కాఫీ పోశాను.

ఆమె గుమ్మం దాటగానే, “ఆదివారం నాతో ఆడు,” అన్నాను.

“నాకు రాదే.”

“ఈ ఊళ్ళో పుట్టి రాదని చెప్పుకోడానికి సిగ్గు లేదూ?”

“కాళ్ళు వస్తాయి. చేతులే ఎక్కడ పెట్టాలో తెలీదు.”

“నా మీద పెట్టు. పెళ్ళాన్నే కదా, పక్కింటిదాన్ని కాదుగా!”

వంటింట్లో బల్ల పక్కకు జరిపి నేర్పాను. నిజంగానే కాళ్ళు వచ్చు. పాట ఎక్కడ వంపు తిరుగుతుందో ఆ మడమలకు నాకంటే ముందే తెలుస్తోంది. చేతులు మాత్రం నా నడుం మీద చచ్చిన చేపల్లా పడి ఉండేవి. నేను వదలగానే అవే చేతులు లేచి కంచం మీద, కిటికీ చువ్వ మీద, బస్సులో ముందు సీటు మీద తడుముకునేవి. సాయంత్రం గంటను ఒళ్ళో పెట్టుకుని గుడ్డతో తుడుస్తూ కూర్చునేవాడు. చేపల పులుసు పెడితే చల్లారేదాకా చూస్తూ ఉండి, తర్వాత పిల్లికి పెట్టాడు. నాకు సంతోషంగా ఉంది. ఆ సంతోషం గొంతు దిగడం లేదు.

ఆదివారం వచ్చింది. ఆయన పెళ్ళినాటి తెల్ల బూట్లు తీసి తొడుక్కున్నాడు. అడుగు అరగలేదు వాటికి, ఎలా అరుగుతుంది? బయలుదేరేటప్పుడు చూస్తే తువ్వాలులో ఏదో చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు.

“దాన్నెందుకు?” అన్నాను.

“ఇంట్లో ఒక్కదాన్నే ఎలా వదిలేస్తాం?”

“అదేమన్నా కుక్కపిల్లా? గుమ్మంలోనే ఆ పిల్ల చూసిందంటే ఎంత బాగుంటుంది! ఇలా ఇవ్వు.” లాక్కుని నా హ్యాండుబ్యాగులో కుక్కి జిప్పు వేశాను. దారంతా అది నా తుంటికి కొట్టుకుంటూనే ఉంది.

హాలులో ఆయన స్టూలు మీద ఎవరో పూలకుండీ పెట్టారు. ఆయన దాన్ని చూసి చూడనట్టు నటించాడు. ఎప్పుడూ నాతో ఆడే ఎడిల్బెర్తో ఎదురొచ్చాడు. మార్కెట్టులో మాంసం కొట్టు అతనిది. మనిషి దున్నపోతంత ఉంటాడు గానీ ఆడితే నేలకు తగలడు.

“ఏం ఫనోర్, స్పీకరుకి విడాకులిచ్చేశావట?”

“నేనివ్వలేదురా. అదే గెంటేసింది.”

“అయితే ఇవాళ ఎర్సీలియా నాకు లేనట్టేనా?”

“లేనట్టే,” అన్నాను నేను. ఆ ఒక్క మాట అనడానికి ఎన్నేళ్ళు ఆగానో!

ఎన్ని పాటలు వేసినా ఆయన లేవలేదు. లులాడా రసం గ్లాసులో పండు ముక్కల్ని చెంచాతో కెలుకుతూ, “ఇది కాదు, పసుపుది రానీ,” అన్నాడు. “అదైతే నాకు కడుపులోంచి తెలుసు. అప్పుడు చేతులు కూడా భయపడవు.” నేను సరేనన్నాను. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఇంకో గంట ఆగలేనా?

చివరికి అలీరియో పసుపుదాన్ని అట్టలోంచి తీసి, చొక్కా అంచుతో తుడిచి, సూది ఆనించాడు. ఫనోర్ లేచి నా చేయి పట్టుకున్నాడు. అరచేయి తడిగా ఉంది. ట్రంపెట్లు తోసుకుంటూ వచ్చాయి, మేం వాటితో పాటే నేల మధ్యలోకి వెళ్ళాం. ఆయన చేయి నా వీపు మీద ఆనింది. ఈసారి చచ్చిన చేప కాదు, వెచ్చగా, గట్టిగా ఉంది. చుట్టూ ఎవరున్నారో నాకు కనపడలేదు. ఏడుపొస్తుందని పెదవి కొరుక్కున్నాను. అయినా తలెత్తి ఆయన ముఖం చూశాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. పోనీలే, సగం కోరికైనా తీరింది కదా అనుకున్నాను.

పాట నోరు మూసుకుంది. పియానో ఒక్కటే తిరుగుతోంది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు.

వచ్చింది. నేను గిర్రున తిరిగాను. వెన్ను జలదరించింది. తిరిగి ఆయన చేతుల్లోకి వచ్చి, ఇంకో తిరుగు తిరిగి, అప్పుడు చూశాను. మేమిద్దరమే ఆడుతున్నాం. మిగతావాళ్ళంతా చీకట్లో లేని మెట్టు మీద కాలు వేసినట్టు తూలిపోయి ఉన్నారు. ఎడిల్బెర్తో ఒక బల్ల మీద పడి రెండు గ్లాసులు ఒలకబోశాడు. ఒకామె చెప్పు చేతిలో పట్టుకుని బిత్తరపోయి చూస్తోంది. పియానో మాత్రం తన పాటికి తను తిరుగుతూనే ఉంది.

“గంటేదీ?” అని ఎవరో అరిచారు.

“సూది ఎగిరింది!”

“సూది కాదు. యామిలెత్, నీ బీరువాలు గంటని మింగేశాయే!”

అలీరియో ముఖం పాలిపోయింది. సూది తీసి, ఊది, మళ్ళీ పెట్టాడు. పియానో వచ్చింది, గంట రాలేదు. యామిలెత్ ఏడుపు ముఖంతో సామాన్ల గదిలోంచి పాత స్పీకరు మోయించుకొచ్చి తీగలు కలిపించింది. అందులోనూ రాలేదు. ఇక గొడవ మొదలైంది. రికార్డు అరిగిపోయిందని ఒకరు, ఎవరో మార్చేశారని ఒకరు. ఫనోర్ అందరికంటే ఎక్కువ కంగారుపడ్డాడు. స్పీకరుకు చెవి ఆనించి వంగి నిలబడ్డాడు.

“ఎక్కడికి పోయిందే అది?” అన్నాడు నాతో, పిల్లాడు తప్పిపోయిన తండ్రిలా. “పోయిన వారం కూడా ఉంది కదా!”

“ఎవరూ కదలకండి,” అన్నాడు అలీరియో. టాక్సీ తాళాలు తీసుకుని పరుగెత్తాడు. మేం ఒలికిన లులాడా తుడుచుకుంటూ కూర్చున్నాం. తిరిగొచ్చేటప్పటికి అతని చేతిలో మేరీమాత పటం వెనకది ఉంది. సీలు తీయనిది. దాన్ని చూడటానికి కూడా మమ్మల్ని చేతులు కడుక్కుని రమ్మనేవాడు. హాలంతా లేచి నిలబడింది. అలీరియో గోరుతో ఆ పల్చటి కాగితాన్ని చీల్చాడు.

“ఇందులో లేకపోతే,” అన్నాడు, “నేనిక రికార్డులు ముట్టను.”

ఈసారి ఎవరూ ఆడలేదు. తలలు వంచి వింటున్నారు. ఫనోర్ నా వెనకే నిలబడ్డాడు. ఇందాకటిలాగే నా వీపు మీద చేయి ఆనించి, దాన్ని అక్కడే మర్చిపోయాడు. కొత్త రికార్డు, గీత లేదు, దుమ్ము లేదు. గాయకుడు మా చెవిలోనే పాడినట్టుంది. డోళ్ళు ఆగాయి. పియానో తిరిగింది.

అక్కడ ఏమీ లేదు. ఆ చోటంతా ఖాళీ.

కానీ నా వెన్ను జలదరించింది.

అప్పుడు గమనించాను. నా వీపు మీద ఆయన వేళ్ళు కదులుతున్నాయి. రవ్వంత ముందుగా ఒక దెబ్బ, తర్వాత రెండు, ఒక విరామం, మళ్ళీ ఒకటి. ఆయన వేళ్ళు కొడుతున్నాయని ఆయనకే తెలియదు. నోరు కొంచెం తెరుచుకుని, స్పీకరు వైపు ఆశగా చూస్తున్నాడు. రాని గంట కోసం ఎదురుచూస్తూ, ఆ గంటనే నా ఒంటి మీద వాయిస్తున్నాడు. ఇందాక నన్ను తిప్పిందీ ఈ వేళ్ళే.

ఇన్నేళ్ళు, ఇంతమందిమి, ఆదివారం ఆదివారం ఒకే చోట తిరిగాం. న్యూయార్కులో ఎవడో మహానుభావుడు తిప్పుతున్నాడనుకున్నాం. ఆ మహానుభావుడికి నేను పొద్దున్నే అరెపా రొట్టె కాల్చి పెడుతున్నాను. చొక్కాకు గుండీలు కుడుతున్నాను. గురకపెడితే మోచేత్తో పొడుస్తున్నాను.

“అలీరియో, ఆపు,” అన్నాను. “గంట దొరికింది.”

“ఎక్కడ?”

“నా వీపు మీద ఉంది.”

ఎడిల్బెర్తో నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. అలీరియో సూది ఎత్తి, నన్ను చూశాడు, నా వెనకున్న చేతిని చూశాడు, స్టూలు మీది పూలకుండీని చూశాడు. ఆ మనిషి ముఖం మీద ఒక్కొక్క ఆదివారమే వెనక్కి నడిచి వెళ్ళడం నాకు కనపడింది. మెల్లగా బల్ల వెనక నుంచి వచ్చాడు. ఫనోర్ చేతిని నా వీపు మీంచి రెండు చేతులతో తీసుకున్నాడు. వంగి, మణికట్టుకు ముద్దు పెట్టాడు.

“ఏయ్, ఏంట్రా ఇది! వదులు,” అని ఫనోర్ చేయి లాక్కున్నాడు. “మీకందరికీ మతిపోయిందా? నేను కాదు. నేనూరికే వెంట వాయించేవాణ్ణి. రికార్డులో ఉంది. నేను గంట ముట్టుకోకముందే విన్నాను దాన్ని!”

“ఎక్కడ విన్నావు బాబాయ్?” అని యామిలెత్ మెల్లగా అడిగింది.

“సాన్ నికోలాస్‌లో. అప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు. ఎవరింట్లోనో డాన్సు. పొట్టిలాగేసుకొచ్చానని నన్ను లోపలికి రానివ్వలేదు. బయట గోడకి చెవి పెట్టి నిలబడ్డా. మీ నాన్న తర్వాత హాలుకి కొన్న ఈ పసుపుదే వేశారు. పియానో వచ్చింది, గంట వచ్చింది. గోడ లోంచి నా దవడకి తగిలింది ఆ గంట. ఇంటికి ఎలా నడిచొచ్చానో గుర్తులేదు. ఆ దెబ్బ కోసమే నేను గంట పట్టుకుంది. మీకు చెప్పడానికేముంది, అది రికార్డే!”

అప్పుడు అలీరియో అన్నాడు.

“ఫనోర్, గోడకి అవతల ఎవడో గంట పట్టుకుని కూర్చున్నాడ్రా.”

ఫనోర్ మెల్లగా తల తిప్పి హాలు గోడను చూశాడు, దాని వెనక ఆ మనిషి ఇంకా ఉన్నట్టు. నేనూ చూశాను. అందరం చూశాం. పేరు తెలియదు, ముఖం తెలియదు. ఆ రోజు తన గంట ఎవరి చెవిన పడిందో ఆ మనిషికీ తెలిసి ఉండదు. బతికి ఉన్నాడో లేదో. పొట్టిలాగు పిల్లాడొకడు దాన్ని పట్టుకుని ఇంటికి నడిచి వచ్చి, మా అందరికీ పంచాడు. ఎవరో ఒకామె గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది, చర్చిలో వేసుకున్నట్టే.

యామిలెత్ వెళ్ళి స్టూలు మీది పూలకుండీని తనే ఎత్తి నేల మీద పెట్టింది. గౌను అంచుతో స్టూలు తుడిచింది.

“రా బాబాయ్. కూర్చో.”

అందరూ ఫనోర్‌ను చూశారు. ఫనోర్ స్టూలును చూశాడు. ఆ చూపులో ఆకలి నాకు తెలుసు. అన్నం పెట్టే చేయి నాది కదా, నాకు తెలియదా? కానీ ఆయన కదలలేదు. నా చేయి వెతుక్కుని పట్టుకున్నాడు.

“ఇప్పుడు కాదమ్మా,” అన్నాడు. “ఎర్సీలియాతో ఆడుతున్నాను. పాట మధ్యలో ఆగిపోయింది.”

నేను పెళ్ళినాటి నుంచి ఆగింది ఈ మాట కోసమే. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాను కూడా. వదలకపోతే ఎవరూ నన్ను తప్పుపట్టరు. అప్పుడు నా పెళ్ళి పాట గుర్తొచ్చింది. మా చిన్నాన్న నన్ను తిప్పాడనుకున్నాను. ఆ తర్వాత ఎందరో తిప్పారనుకున్నాను. కళ్ళు మసకబారిన ముసలిదాన్ని, ఈ సంగతి తెలుసుకోవడానికి హాలు మొత్తం తూలిపడాల్సి వచ్చింది.

హ్యాండుబ్యాగు జిప్పు లాగాను. తువ్వాలు విప్పి గంట ఆయన చేతుల్లో పెట్టాను.

“ఇన్నేళ్ళూ నన్నెవరు తిప్పారనుకుంటున్నావు?” అన్నాను. “ఆ ఎడిల్బెర్తోనా?”

“ఏయ్, నేనేం చేశాను మధ్యలో?” అన్నాడు ఎడిల్బెర్తో.

“నువ్వు నోర్ముయ్.” ఫనోర్ గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. “వెళ్ళి వాయించు. ఒకటే షరతు. కళ్ళు తెరిచి వాయించాలి.”

“కళ్ళు తెరిస్తే నాకు రాదే.”

“రాకపోతే నేర్చుకో. నేను నీకు వంటింట్లో నేర్పలేదూ?”

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. మోకాళ్ళ మధ్య గంట బిగించాడు. జామకర్ర ఇంట్లో మర్చిపోయాడని అప్పుడు తెలిసింది. అలీరియో రికార్డులు దులిపే బ్రష్షును తిరగేసి దాని పిడి చేతికిచ్చాడు. సీలు తీసిన కొత్త పసుపుదే మళ్ళీ పెట్టాడు, మా వేగంలోనే.

ఎడిల్బెర్తో చేయి చాచాడు. వద్దన్నాను. నేల మధ్యలో ఒక్కదాన్నే నిలబడ్డాను, ఎడమ స్పీకరుకు ఎదురుగా. మిగతావాళ్ళు జంటలుగా నా చుట్టూ చేరారు. ట్రంపెట్లు వచ్చాయి, గాయకుడు పిలిచాడు, మేం జవాబిచ్చాం. ఫనోర్ కళ్ళు తెరిచే ఉన్నాడు. ముందు గంట వైపే చూశాడు. తర్వాత నేలను చూశాడు. తర్వాత నా చెప్పుల్ని.

పాట నోరు మూసుకుంది. పియానో తిరిగింది. ఆయన తల ఎత్తాడు.

గంట మోగింది. రవ్వంత ముందుగా, ఎప్పుడూ మోగే చోటే. హాలు హాలంతా ఒక్క మనిషిలా తిరిగింది. నేను తిరిగాను. ఇన్నేళ్ళలో నేను అలా ఎప్పుడూ తిరగలేదు. గౌను అంచు గాల్లో లేచి, ఇంకా కిందికి దిగలేదు, రెండో దెబ్బ పడాలి.

పడలేదు. నా చుట్టూ అందరూ మళ్ళీ తూలారు. ఎడిల్బెర్తో ఈసారి ఎవరి భుజమో పట్టుకుని నిలదొక్కుకున్నాడు. నేను మాత్రం ఆగకుండా తిరిగి ఆయన ఎదురుగా వచ్చి నిలిచాను.

“ఏమైందిరా ఫనోర్?” అని అలీరియో గొంతు చించుకున్నాడు. “ఎప్పుడూ తప్పనోడివి!”

బ్రష్షు పిడి గాల్లోనే ఉంది. ఫనోర్ నన్నే చూస్తున్నాడు. ఆ కళ్ళు అంత పెద్దవని నేనూ మర్చిపోయాను.

“ఉండండ్రా,” అన్నాడు. “ఇది ఇలా ఆడుతుందని నాకు ఒక్కడూ చెప్పలేదేంట్రా?”